సడలడానికీ శక్తి కావాలి

మా ఎదురింటి అక్క పోయిన మంగళవారం సర్కారు దవాఖానాలో కన్నుమూసింది. బడి వదిలాక గంజి డబ్బా పట్టుకుని నేను వార్డులోకి వెళ్లేసరికి ఆమె మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. నర్సు నన్ను చూసి, "నాతేవాయిక్ కోణ్?" అని మరాఠీలో అడిగింది. చుట్టాలెవరని. చుట్టాలు లేరు, నేను ఎదురింటిదాన్ని అన్నాను. ఆవిడ మంచం పక్క గూట్లోంచి కళ్లద్దాలూ స్టీలు గ్లాసూ తీసి నా చేతిలో పెట్టింది. "పొద్దుటి నుంచీ బడి వదిలారా, బడి వదిలారా అని అడుగుతూనే ఉంది" అంది.

నీలం నగర్‌లో మా సందులోకి తిరిగి వచ్చాక అరుగుల మీద వినబడిన మాట ఒకటుంది. "పాపం, గుండె మీదనే సదువుకున్నది. అన్నను కాపాడుకోలేకపాయె, ఆఖరికి తనను గూడ కాపాడుకోలేకపాయె." అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. బీడీ ఆకు కత్తిరిస్తూ, నిజంగానే కళ్లు తుడుచుకుంటూ అన్నారు. అయినా ఆ మాట నాకు పడలేదు. ఆమె గురించి రాయడానికి ఆమె రక్తబంధువంటూ ఎవరూ మిగల్లేదు కాబట్టి, ఎదురింటిదాన్నయిన నేనే రాస్తున్నాను.

మా ఇంటికీ వాళ్లింటికీ నడుమ రెండు సైకిళ్లు ఎదురుపడితే ఒకటి ఆగాల్సినంత దారి. వాళ్లది ముందు మరమగ్గాల షెడ్డు, వెనక రెండు గదులు. వాళ్ల తాత కాలంలోనే కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఈ మరాఠీ ఊళ్లో మగ్గం పెట్టుకున్న కుటుంబం. నాయన పోయేనాటికి అక్క చిన్నపిల్ల. వాళ్లన్న తన చదువు మానుకుని మగ్గాల దగ్గర నిలబడ్డాడు. చెల్లెలి చదువు మాత్రం మానిపించలేదు. అశోక్ చౌక్ దగ్గరి తెలుగు బడి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి బొంబాయికి ఆమె వెళ్లింది. నేను కోడలిగా ఈ సందులో అడుగుపెట్టేనాటికే ఆమె బొంబాయిలో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. ఆమె అన్న సందులో కొత్తగా ఎవరు కనబడినా ఆపి చెప్పేవాడు: "మా చెల్లె గుండె మీద సదువుతుంది." ఏం చదువుతోందో ఆయనకు తెలియదు, మాకూ తెలియదు. గుండె అన్న మాట చాలు, డాక్టరే అనుకున్నాం.

ఎనభయ్యో దశకం చివరి రోజుల్లో ఆయనకు ఆయాసం మొదలైంది. నూలు కట్ట ఎత్తుకుని సందు మొదటి నుంచి షెడ్డు దాకా ఒక్క ఊపున వచ్చే మనిషి, మధ్యలో మా అరుగు మీద దించి కూర్చునేవాడు. "ఏందన్నా?" అంటే "కాయ్ నాయ్, ఏం లేదు, చెప్పు తెగింది" అనేవాడు. చెప్పు బాగానే ఉండేది. పాదాలే వాచి అందులో పట్టేవి కావు. తర్వాత తర్వాత వెల్లకిలా పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి అందదు. తను నేసిన చద్దర్లే, ఆ మందపు దుప్పట్లే, మడతలు పెట్టి, గోడకు ఆనించి, వాటికి వీపు ఆన్చి కూర్చుని నిద్రపోయేవాడు. ఆయన భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. అక్క ఒక ట్రంకుపెట్టెతో బండి దిగింది. సెలవు మీద వచ్చిందనుకున్నాం. పెట్టెలో శీతాకాలపు బట్టలు కూడా ఉన్నాయని, దాన్ని లోపలికి మోయడానికి సాయం పట్టిన నాకు తెలిసింది.

గుండె పెద్దదైంది, కండ బలహీనపడింది, కవాటాలు బాగానే ఉన్నాయి, కారణం తెలియదు అన్నారు డాక్టరు. అక్క తల ఊపింది. ఇంటికి వచ్చాక మాత్రం చేతిలో బియ్యం చేట పట్టుకుని, ఏరకుండా చాలాసేపు అలాగే కూర్చుంది.

ఆమె చదివేది కాల్షియం గురించి అని ఎలాగో సందులో పొక్కింది. మూలింటి పెద్దమ్మ తన కూతురు కాన్పుకు వచ్చినప్పుడు వాడగా మిగిలిన కాల్షియం గోలీలు కొంగున కట్టుకుని వచ్చింది. "నువ్వు గా కాల్షియం మీదనే సదివినవంట గద బిడ్డా. మరి మీ అన్నకు గా గోలీలు ఎందుకు ఇస్తలేవు? దుకాండ్ల దొరుకుతలేవేమో అని నేనే తెచ్చిన" అంది. అక్క రెండు చేతులతో తీసుకుంది. పెద్దమ్మకు చాయ్ పెట్టి ఇచ్చింది. ఆవిడ వెళ్లాక గోలీలు గూట్లో వెనక్కి పెట్టేసింది.

వాళ్లన్న అది చూశాడు. అప్పుడు నేనక్కడే గడప మీద కూర్చుని ఉన్నాను.

"పెద్దమ్మ చెప్పింది నిజమే గద చెల్లే? ఎందుకు దాస్తున్నవు? నా గుండెల ఏమైతుందో నాకు చెప్పరాదు? నాకు తెల్వదని చెప్తలేవా?"

"గట్ల గాదన్నా." అక్క వచ్చి ఆయన మంచం కోడు దగ్గర కింద కూర్చుంది. "నీ రక్తంల కాల్షియం తక్కువ లేదు. గోలీ ఏసుకుంటె గది నీ గుండెకు పనికిరాదు. ఇను మరి. గుండెకండల చిన్న చిన్న కణాలుంటయి. కంటికి ఆనవు. ఒక్కొక్క కణంల కాల్షియం దాసిపెట్టే కొట్టు అసోంటిది ఉంటది. గుండె కొట్టుకునే ముందు బయటి నుంచి జరంత కాల్షియం కణంలకు వస్తది. గది రాంగనే కొట్టు తల్పులు తెరుసుకుని ఉన్నదంత గుమ్మరిస్తది. కండ బిగుస్తది, రక్తం పోతది. తర్వాత ఏమైతది? గుమ్మరించింది మళ్ల కొట్లకు ఎత్తిపొయ్యాలె. ఎత్తిపోస్తెనే కండ సడలుతది. సడలితెనే గుండెల రక్తం నిండుతది."

"మరి నా దాండ్ల?"

"నీ అసోంటోళ్ల గుండెలల్ల ఎత్తిపోసే పని మెల్లగైతదని చూసిన్రు. జరంత బయటనే ఉండిపోతది. గందుకె కండ పూరా సడలదు. కొట్టు గూడ నిండదు. నిండకుంటె మళ్లొచ్చే దెబ్బకు జోరుండదు."

ఆయన తన అరచేతిని ఛాతీ మీద పెట్టుకున్నాడు. "సడలనీకె గూడ పని జెయ్యాల్నా?"

"జెయ్యాలన్నా. సడలనీకె గూడ శక్తి కావాలె."

"నేను గింతకాలం బిగిసేటిదే పని, సడలేది ఆరాం అనుకున్న." ఆయన నవ్వాడు. నవ్వుతో దగ్గు వచ్చింది. అది తగ్గాక, "దీన్ని రిపేరు జేసెటోళ్లు లేరా?" అన్నాడు.

"ఏడ పాడైతుందో ఎదుకుతున్నరు. నేను గూడ గదే ఎదుకుతుంటి."

"దొరికిందా?"

"ఇంక లేదు."

నేను చూపు తిప్పుకున్నాను. ఆయన మాత్రం చెల్లెలి ముఖంలోకే చూస్తూ, "మరి ఈడ నాకు చాయ్ పోసుకుంట కూసుంటె ఎట్ల దొరుకుతది? పో" అన్నాడు.

ఆ మాట ఊరికే అనలేదు. ఆ రోజు మొదలు ఆయన పట్టు అదే. ఆమె వడ్డిస్తే పళ్లెం పక్కకు జరిపేవాడు, బండి ఎప్పుడని అడిగేవాడు. అక్క పళ్లెం మళ్లీ ఆయన ముందుకు జరిపేది. ఒకే గదిలో ఒకరికొకరు తప్ప దిక్కులేని ఇద్దరు అలా పంతం పట్టి రోజులు గడిపారు.

ఒక పొద్దున వాళ్ల షెడ్డులో మగ్గం మొదలైన చప్పుడు వినిపించింది. చాలా రోజులుగా మూతబడి ఉన్న షెడ్డు. నేను చీపురు వదిలేసి వెళ్లేసరికి అక్క నాకంటే ముందు తలుపు దగ్గర ఉంది. ఆయన ఒక్కడే మగ్గం ముందు నిలబడి, ఒక చేత్తో చట్రం పట్టుకుని ఉన్నాడు. చొక్కా మొత్తం చెమటకు తడిసిపోయింది. ఆ చప్పుడులో అరిచి చెప్పాడు, "చూసినవా? మంచిగైన. నువ్వు బండెక్కు!" పెదాలు నీలంగా ఉన్నాయి.

అక్క వెళ్లి స్విచ్చి ఆపింది. మగ్గం ఆగగానే ఆయన చట్రం పట్టుకునే కిందికి జారి కూర్చున్నాడు. ఆమె కూడా ఆ నూలుదూదిలోనే ఆయన పక్కన కూర్చుంది. "నన్ను పంపనీకె సాంచె నడిపితివా? నేను మళ్ల పోనీకె రాలేదన్నా" అంది. ఆయన ఏడ్చాడు. అంతవరకూ ఆయన ఏడవటం నేను చూడలేదు. తర్వాత మళ్లీ ఎప్పుడూ బండి మాట ఎత్తలేదు. వడ్డించింది తిన్నాడు.

ఆయన మరో ఏడాదికి పైగా బతికాడు. ఆ రోజుల్లో ఒకసారి ఆయనకు తిండి సయించక, వాంతులయ్యాయి. పిత్తం అనుకున్నాం. సాయంత్రం దీపం వేస్తే, "గీ బల్బు చుట్టు పసుపచ్చగ ఏందే?" అన్నాడు. అక్క చేతిలోని చెంబు కింద పెట్టేసి రిక్షా పిలవమంది. గుండెకు ఇస్తున్న గోలీ ఒంట్లో ఎక్కువైందట, అలా ఎక్కువైతే చూపు పసుపుగా మారుతుందట. డాక్టరు కూడా పరీక్ష చేసి అదే అని మోతాదు తగ్గించారు. తిరిగి వచ్చేటప్పుడు నాకు చెప్పింది: ఆ గోలీ చేసే పని కణంలో కొంచెం ఎక్కువ కాల్షియం ఉండేటట్టు చూడటం. దాంతో గుండె కాస్త గట్టిగా బిగుస్తుంది. హద్దు దాటితే మాత్రం లయ తప్పుతుంది. "గా హద్దు మీదనే నడుస్తున్నం టీచరమ్మా" అంది. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో పంతులమ్మను. నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేది.

ఆయన వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, చద్దర్లకు ఆనుకుని కూర్చునే పోయాడు. భివండీ నుంచి, మిగిలిన ఒక్క ముసలి దాయాది రావాలని మర్నాటిదాకా ఉంచారు. పాడె మీదికి చేర్చేటప్పుడు ఆయన మోకాళ్లు చాపడం ఎవరి వల్లా కాలేదు. అక్క ఆ మోకాలి మీద చెయ్యి పెట్టి, నాకు మాత్రమే అన్నట్టు చెప్పింది: "సచ్చినంక ఒళ్లు ఎందుకు బిగుస్తదో ఎరుకనా? కాల్షియం బయటికొస్తది, ఎత్తిపోసేటోళ్లుండరు. సడలనీకె శక్తి ఉండదు. గది అయిపాయె." పక్కనున్న ఒకావిడ విని మరొకావిడ చెవిలో, "గీమెకు ఏడుపు గూడ రాదా?" అంది. అక్కకూ వినబడే ఉంటుంది. ఆమె మోకాలి మీది చెయ్యి తీయలేదు.

బొంబాయిలో ఆమె చోటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. వాళ్లనూ తప్పు పట్టలేం, ఎంతకాలమని ఖాళీగా ఉంచుతారు? ఇక్కడే ఒక కాలేజీలో ప్రయోగాల తరగతులు చెప్పే పనికి కుదిరింది. మగ్గాలు అమ్మేసింది. సందంతా చప్పుడు, వాళ్లిల్లు ఒక్కటే నిశ్శబ్దం. మా ఆయన భివండీలో పనికి కుదిరి ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవాడు. అందుచేత మా ఇల్లూ దాదాపు అంతే. అయినా మేమిద్దరం ఒకరింట్లో ఒకరు కూర్చుని కబుర్లు చెప్పుకున్నది తక్కువ. ఆమె మా గడప దగ్గరికి వచ్చి నిలబడేది. "రా అక్కా, కూసో" అంటే "లే, పోతున్న" అనేది. అలా పోతున్న, పోతున్న అంటూనే కొంగు మెలిపెడుతూ అరగంట నిలబడేది.

కరెంటు పోయినప్పుడు మాత్రం వేరు. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. చెవులు గుయ్‌మనేవి. అందరూ బయటికి వచ్చేవాళ్లు. అప్పుడు అక్క కూడా వచ్చి తన మెట్టు మీద కూర్చుని, సందుకు అవతలి నుంచే నాతో మాట్లాడేది. బొంబాయి ముచ్చట్లన్నీ నేను అలా విన్నవే. కాల్షియం తగిలితే మెరిసే రంగును కణాల్లోకి ఎక్కించి, చీకటి గదిలో ఆ మెరుపు ఎంతసేపట్లో ఆరిపోతుందో చూసేదట. జబ్బు గుండెల్లో మెరుపు నెమ్మదిగా ఆరుతుందట. "ఆరుడే లేటయితది, అంటుకునుడు గాదు" అనేది. కరెంటు వచ్చి మగ్గాలు మొదలైతే మాట మధ్యలో తెగిపోయేది. చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయేది. కరెంటు ఇంకాసేపు రాకపోతే బాగుండునని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

కొంతం చౌక్ దగ్గర మా బంధువుల పెళ్లికి ఆమెను బలవంతం మీద తీసుకెళ్లాను. మంచి చీర కట్టుకుంది. మండపం వాకిలి దాకా వచ్చి, లోపలి జనాన్ని చూసి, నా చెయ్యి విడిపించుకుని వెనక్కి వెళ్లిపోయింది. నాకు కోపం వచ్చింది. మర్నాడు తనే వచ్చి గడప దగ్గర నిలబడింది.

"కోపం జెయ్యకు టీచరమ్మా. గుండె కణాలను విడదీసేటప్పుడు కాల్షియం పూరా తీసేస్తం. తర్వాత మళ్ల ఇయ్యాలె. ఒక్కపారి ఇస్తె ముడుసుకపోయి సస్తయి. జరంత జరంత ఇయ్యాలె. మొదట్ల నాకు తెల్వక మస్తు కణాలను సంపిన." కొంగు మెలిపెడుతూ, "నన్ను గూడ జరంత జరంత పిలువు" అంది.

అలాగే చేశాను. ముందు మా ఇంట్లో చాయ్‌కి. తర్వాత మార్కెట్‌కి. ఒకసారి మా బడికి. మూడో తరగతి పిల్లలకు గుండె గురించి చెప్పమన్నాను. నల్లబల్ల మీద బొమ్మ వేసి ఎంత చక్కగా చెప్పిందో! మా సందులోని ఒకావిడ కూతురు లేచి, "గుండెకు సుట్టీ ఉండదా?" అని అడిగింది. సెలవు ఉండదా అని. "ఉంటది బిడ్డా. రెండు దెబ్బల నడుమ ఉంటది. సిన్న సుట్టీ" అంది. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆమే మాట్లాడింది. అంతటి వెలుగు ఆమె ముఖంలో నేను ముందెన్నడూ చూడలేదు.

ఒక ఆదివారం పొద్దున ఆమెకు జ్వరమంటే పక్క దులపడానికి లోపలికి వెళ్లాను. దిండు కింద మడతపెట్టిన చద్దర్లు ఉన్నాయి. ఒకటి కాదు. వాటిని పట్టుకుని నిలబడిపోయాను. అక్క గోడవైపు చూస్తూ, "అన్నయే గవి. గట్టిగ నేసిండు" అంది.

"ఎన్నటి సంది?"

"దసరా ముందటి సంది."

"ఎవరికన్న చెప్పినవా?"

"నీకు చెప్తున్న గద."

కొన్ని ఇళ్లల్లో ఈ జబ్బు రక్తంలో వస్తుందని, అన్నకు వచ్చినప్పుడే తనకూ రావచ్చని అనుకున్నానని చెప్పింది. ఆమె గొంతులో భయం లేదు, అలసట ఉంది. అప్పటికి కొత్త గోలీలు వచ్చాయి. అవి వేసుకుంటే పాదాల వాపు దిగేది, మెట్లు ఎక్కగలిగేది. ప్రతిసారీ రేకు చింపి గోలీ అరచేతిలో వేసుకుని చూసేది. "అన్నకు గివి అందకపాయె" అనేది. ఆ గోలీల వల్లే ఆమె ఇంకొన్నేళ్లు నాకు దక్కింది. ఆమె వెతికిన దారిలో వెతుకుతున్నవాళ్లు ఇంకా ఉన్నారని, ఏదో ఒకనాడు ఆ ఎత్తిపోసే పనిని సరిచేసే మందు వస్తుందని ఆమె నమ్మకం. తనకు అందుతుందని మాత్రం ఎప్పుడూ అనలేదు.

గుండె మీద చదివి ఎవర్ని కాపాడిందని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. తన అన్నకు ఏమవుతోందో తెలిసి, ఏమీ చేయలేనని తెలిసి, ఆ రెండూ తెలిసిన మనిషి ఆ మంచం పక్కన అన్ని రోజులు కూర్చుంది. ఆయన అడిగితే అబద్ధం చెప్పలేదు. మనకు తెలియదు కాబట్టి దేవుడికి మొక్కుకుని నిద్రపోగలం. ఆమెకు ఆ నిద్ర లేదు. ఆ సంగతి పంచుకునేవాళ్లు ఈ ఊళ్లో ఆమెకు లేకపోయారు. నేను విన్నాను, అంతే. సగం అర్థం కాకుండానే విన్నాను.

కిందటి వేసవి సెలవుల్లో, ఒంట్లో ఓపిక ఉండగానే ఒకసారి బొంబాయి చూసి రావాలంది. నేను తోడు వెళ్లాను. ఆమె పనిచేసిన ప్రయోగశాలలో ఆమెను ఎరిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఉంది. అక్క తన పేరు చెప్పుకుని, ఒక్కసారి చూస్తామని అడిగింది. ఆ అమ్మాయి మర్యాదగా దీపం తగ్గించి, సూక్ష్మదర్శిని కింద ఒక గాజు పళ్లెం పెట్టింది. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల గుండె నుంచి తీసిన కణాలట. అక్క ముందు తను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి, తన స్టూలు మీద నన్ను కూర్చోబెట్టి, నా తల పట్టుకుని కన్ను సరిగ్గా ఆనించింది.

మొదట ఏమీ కనబడలేదు. తర్వాత పల్చని బూడిదరంగు వెలుగులో రెండు చిన్న మరకలు. ఒకటి ముడుచుకుంది, సడలింది. మళ్లీ ముడుచుకుంది. రెండోది కూడా, కానీ దాని లెక్క దానిదే. ఒకటి సడలుతుంటే ఇంకొకటి ముడుచుకుంటోంది.

"కానొస్తున్నయా?" అంది నా వెనక నుంచి. ఆయాసంతో ఆమె ఊపిరి నా మెడకు తగులుతోంది.

"కానొస్తున్నయక్కా. రెండు ఒక్క తీరు కొట్టుకుంటలేవేంది?"

"తాకితె ఒక్క తీరు కొట్టుకుంటయి. ఒకదాని కబురు ఒకదానికి పోతది."

"మరి గివి?"

"గివి దూరమున్నయి."

నేను కన్ను తీయలేదు. రెండింటి నడుమ వెంట్రుకవాసి ఖాళీ ఉంది. అందులో ఏమీ లేదు, ఉత్త వెలుగు. దానికి అటూ ఇటూ అవి దేని మానాన అది ముడుచుకుంటున్నాయి, సడలుతున్నాయి. ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది.